నాలుగు శాస్త్రముల పాటయు, పన్నెండు మెట్ల కిన్నెరయు

అర్థ మొక్కటియైనచో ఎన్ని పదములున్నను వాక్య మొక్కటియే యని మీమాంసకుల సిద్ధాంతము. సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు ఈ మాటను మరికొంత దూరము కొనిపోయి, పెక్కు వాక్యములు ఒకే తాత్పర్యమున కలిసినచో అది మహావాక్యమగుననియు, రామాయణ భారతములట్టివియనియు వ్రాసెను. ఇది కావ్యములకు చెప్పిన మాట. పాటలకు వర్తించునా? విడివిడిగా పాడుకొనదగిన పాటలను కొన్నింటిని కూర్చి, అన్నింటి లోపల ఒకే భావసూత్రమును నడిపి, వినువానికి తుదకు ఒక్క మహావాక్యము విన్నట్లు తోపజేయవచ్చునా? జయదేవుడు ఇరువదినాలుగు అష్టపదులతో ఈ పని చేసెను. నారాయణతీర్థులు పన్నెండు తరంగములతో చేసిరి. త్యాగరాజు తెలుగున నౌకాచరిత్రమును రచించి చేసెను. కావున మనకిది క్రొత్త విద్య కాదు. ఐనను, ఇంగ్లండు దేశమున విద్యుద్గిటారులు పట్టిన యువకులు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ విద్యను తమంత తామే కనుగొని, వారిలో నొక బృందము మన శాస్త్రములనే వస్తువుగా గొని ఎనుబది నిమిషములు పాడుట విచిత్రమైన సంగతి. ఆ పాటను గూర్చియు, దానిని విన్నపుడు పాలమూరి సీమవారి మనస్సునకు రావలసిన వేరొక పాటను గూర్చియు ఇందు ముచ్చటింతును.

మొదట పాత్రను గూర్చి చెప్పవలెను. పాలెన్ని పట్టునో చెంబు నిర్ణయించునట్లు, పాట ఎంత పట్టునో రికార్డు నిర్ణయించినది. నిమిషమునకు 78 మారులు తిరుగు పాత గ్రామఫోను రికార్డుపై ప్రక్కకు సామాన్యముగా మూడు నాలుగు నిమిషములకు మించి పట్టదు. నాటకపు పద్యములు పాడు మన గాయకులు రికార్డునకు పాడునపుడు రాగాలాపమును కుదించుకొనక తప్పినది కాదు. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ నిమిషమునకు 33⅓ మారులు తిరుగు లాంగ్ ప్లే రికార్డును వెలువరించెను. అందు ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టును. ఈ వసతిని జనరంజక గాయకులు చాలకాలము చిన్న పాటలను పది పన్నెండింటిని ఒకచోట చేర్చుటకే వాడుకొనిరి. 1967లో మూడీ బ్లూస్ అను బృందము తెల్లవారుజాము మొదలు రాత్రి వరకు గల ఒక్క దినమును వస్తువుగా గొని ఆల్బము నొకదానిని కూర్చినది. 1969లో ది హూ అను బృందము చూపు, వినికిడి, మాట లేని బాలుని కథను రెండు రికార్డులపై పాడినది. ఇట్టివానిని వారు కాన్సెప్ట్ ఆల్బములనిరి. మనము ఏకభావ గీతసంపుటము లనవచ్చును. పాట నిడివిని పెంచి, వాద్యవిన్యాసమును హెచ్చించి, తాళములను మార్చి మార్చి వాయించు ఈ సంప్రదాయమునకు ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు వచ్చెను. 1972లో జెత్రో టల్ అను బృందము ఎనిమిదేండ్ల బాలుడు వ్రాసిన కవితయని బొంకి, రికార్డు రెండు ప్రక్కలను ఒకే పాటతో నింపినది. అది ఈ ధోరణిని ఎగతాళి చేయుటకు చేసిన పని. జనులు మాత్రము నిజముగనే మెచ్చుకొనిరి. ఎగతాళికై వ్రాసినది ఆదర్శమై కూర్చుండుట మన సాహిత్యమునను ఎరుగని సంగతి కాదు.

మనకు ప్రస్తుతమైన బృందము పేరు యెస్. 1968లో లండనున పుట్టినది. 1972లోనే వారు హెర్మన్ హెస్సే వ్రాసిన సిద్ధార్థ నవల ప్రేరణతో పదునెనిమిది నిమిషముల పాట నొకదానిని పాడియుండిరి. ఆ మరుసటి యేడు మార్చి నెలలో, ఆ బృందమున పూర్వము తాళవాద్యము వాయించిన బిల్ బ్రూఫర్డ్ పెండ్లి విందున, గాయకుడగు జాన్ ఆండర్సనుతో జేమీ మ్యూర్ అను వాద్యకారుడు పరమహంస యోగానందుల ఆత్మకథను గూర్చి ముచ్చటించెను. 1946లో ఇంగ్లీషున వెలువడిన ఈ గ్రంథము మనవారికి సుపరిచితమే. పిమ్మట టోకియో నగరమున కచేరీలకై బస చేసియుండగా ఆండర్సను ఆ గ్రంథమును చదువుచు, 83వ పుట అడుగున నున్న అధోజ్ఞాపిక నొకదానిని చూచెను. శాస్త్రములు శ్రుతి, స్మృతి, పురాణము, తంత్రము అని నాలుగు తెగలనియు, మతము, సంఘజీవనము, న్యాయము, వైద్యము, శిల్పము మొదలగు సమస్తమును వానిలో నిమిడియున్నదనియు ఆ జ్ఞాపిక సారాంశము. నాలుగు తెగలు, నాలుగు పాటలు, రెండు రికార్డుల నాలుగు ప్రక్కలు! ఆండర్సనునకు ఆల్బము కళ్లయెదుట నిలిచినది.

అధోజ్ఞాపికను మనము తరచు చదువకయే పుట త్రిప్పుదుము. ఒక సముద్రాంతర వాసి దానిని చదివి ఎనుబది నిమిషముల సంగీతమును పిండుకొనుట చూచి సంస్కృతము చదివిన మనవారు కొంచెము సిగ్గుపడినను తప్పులేదు.

ఆండర్సనును, గిటారు వాదకుడు స్టీవ్ హౌను కచేరీ యాత్రలో హోటలు గదులయందు క్రొవ్వొత్తుల వెలుగున కూర్చుండి పాటల చట్రమును కట్టిరి. అమెరికాలోని సవానా అను ఊర ఒక రాత్రి ఆరు గంటలు కూర్చుండి తెల్లవారునప్పటికి నాలుగు పాటల రూపమును తేల్చిరట. రికార్డింగు లండనులోని మోర్గన్ స్టూడియోలో జరిగెను. ఆండర్సను పల్లెపట్టున అడవిలో రికార్డు చేయగోరగా తక్కినవా రొప్పుకొనక పోయిరి. అందులకు వినోదముగా స్టూడియోలో గడ్డిమోపులు పేర్చి, అట్టతో చేసిన ఆవులను నిలిపి, పల్లె వాతావరణమును కల్పించిరి. మన పల్లె వాడెవడైన అటు పోయియుండినచో అట్ట ఆవును చూచి ఏమనుకొనియుండునో! 1973 డిసెంబరులో ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ అను పేర ఆల్బము వెలువడి ఇంగ్లండున విక్రయములలో మొదటి స్థానము నందుకొనెను. రోజర్ డీన్ అను చిత్రకారుడు దానికి ముఖచిత్రము వ్రాసెను.

ఇక నాలుగు భాగముల సంగతి. మొదటిది శ్రుతికి సంబంధించినది. మంత్రపఠనము వలె ఏకస్వరప్రాయముగా అనేక కంఠములతో ప్రారంభమై, సృష్టి మెల్లగా విచ్చుకొనుటను సూచించును. రెండవది స్మృతి. మానవుల తలంపులు, భయములు, జ్ఞానము లక్షల యేండ్లుగా పేరుకొనిన సముద్రమున్నదనియు, స్మరణమనగా దాని యడుగు లోతులను తడవుటయనియు వారి భావము. ఆల్బము పేరులోని సముద్రము అదియే. రిక్ వేక్మను వాయించిన మెలోట్రాను ధ్వని ఇందు అలలవలె లేచి పడుచుండును. మూడవది పురాణము. హిందూదేశము, చీనా, మధ్య అమెరికా, అట్లాంటిసు అను మాసిపోయిన నాగరకతల నిధులను స్టీవ్ హౌ గిటారుతో త్రవ్వి చూపునని రికార్డు సంచిపై వ్రాసికొనిరి. నాలుగవది తంత్రము. జీవితమను కర్మకాండలో దుష్టశక్తికిని నిర్మలప్రేమకును జరుగు పోరాటమని దాని వ్యాఖ్య. క్రిస్ స్క్వయర్ మంద్రగిటారును, ఆలన్ వైట్ డోళ్లును ఇందు విజృంభించును. అంతయు కలిసి రమారమి 81 నిమిషములు.

సంస్కృతము చదివిన కంటితో చూచినచో తప్పులు కనబడకపోవు. స్మృతియనగా స్మరణమనుట శబ్దార్థమునకు సరియే. కాని శాస్త్రమున స్మృతులనగా మను యాజ్ఞవల్క్యాదుల ధర్మగ్రంథములు. ఎవడు ఎవరిని వివాహమాడవలెను, దాయము ఎవనికి చెందును, ఏ తప్పునకు ఏ దండన అను విచారము వానిలోనిది. ఆండర్సను స్మృతి సముద్రమున దండనీతి లేదు. పురాణములనగా మాసిపోయిన నాగరకతలు కావు; సర్గము, ప్రతిసర్గము, వంశము, మన్వంతరము, వంశానుచరితము అను ఐదు లక్షణములు గలవి. అట్లాంటిసు యవన తత్త్వవేత్తయగు ప్లేటో కల్పించిన ద్వీపము. శ్రుతి మొదలుకొని తంత్రము వరకు గల వరుసకు యుగధర్మముతో ముడిపెట్టినవారు కులార్ణవ తంత్రము వంటి గ్రంథముల కర్తలు. ఒక్కొక్క యుగమున ఒక్కొక్క దానికి ప్రామాణ్యమనుట వారి తలంపు. అందు తంత్రము తుదిది మాత్రమే కాదు, కలియుగమున కొక్కటే తగినది. ఈ మెలకువ ఆల్బమున లేదు.

ఐనను ఈ తప్పులను పట్టి నవ్వుట నా యుద్దేశము కాదు. మూలము తెలియనివాడు తెలిసినంతలో శ్రద్ధతో అల్లిన పాట, మూలము తెలిసియు అల్లనివాని మౌనము కంటె మేలు. నాకు పెద్దదిగా తోచునది వేరొకటి. ఒక ఆంగ్లేయ గాయకుడు, వేదాధికారము తనకున్నదా లేదా యని ఎవరిని అడుగక, శ్రుతిని ఒక పుస్తకపు అడుగు పుటనుండి తీసికొని లక్షలమందికి వినిపించెను. అతనిని అడ్డినవారు లేరు. శ్రుతి పుట్టిన దేశమున సంగతి యెట్టిది? శూద్రుడు వేదమును విన్నచో వాని చెవులలో సీసమును లక్కను కరగించి పోయవలెనని గౌతమ ధర్మసూత్రమున నున్నది. బ్రహ్మసూత్రములయందలి అపశూద్రాధికరణమునకు భాష్యము వ్రాయుచు శంకరుల వంటి అద్వైతియు దానిని ప్రమాణముగా నుదాహరించిరి. ఆ శిక్ష అమలు జరుగకున్నను, ఆ మాట గ్రంథమున నుండుటయే చాలును. చెవి ఎంత దూరమున నుండవలెనో అది నేర్పును. శూద్రునికే ఇట్లైన, ఊరి వెలుపలి వానిమాట చెప్పనేల? లండను స్మృతి సముద్రమునుండి జారిపోయిన దండనీతి ఇదియే.

ఇప్పుడు పాలమూరి సీమకు వత్తము. కృష్ణా తుంగభద్రల నడుమను, కృష్ణ కుత్తరమునను గల ఈ నేలలో గద్వాల, వనపర్తి, జటప్రోలు మొదలగు సంస్థానములు శతాబ్దముల కాలము విద్వాంసులను పోషించినవి. 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబునగరము జిల్లా విడివడగా ఈ సీమ జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు మున్నగు జిల్లాలలోనికి వచ్చినది. గద్వాలకు విద్వద్గద్వాలయని పేరు. కార్తిక మాఘ మాసములందు అక్కడ పండితసభలు జరిగెడివి. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములలో అవధానములు గావించిరి. జటప్రోలు ప్రభువుల యాశ్రయమున నుండిన ఎలకూచి బాలసరస్వతి ఒక్కొక్క పద్యమున రామ, కృష్ణ, పాండవుల కథలు మూడును వచ్చునట్లు రాఘవ యాదవ పాండవీయమును రచించెను. ఒకే అర్థము చాలదని మూడర్థములు! అట్టి శబ్దశక్తి ఈ నేలకు పరిచితము. తెలంగాణమున కవులు లేరనువారికి జవాబుగా, అలంపురము ప్రాంతమున బోరవెల్లిలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 మంది కవులను లోకమునకు చూపిరి. ఆ లెక్క పద్యకవుల లెక్క. కోట గుమ్మము దాటి, ఊరు దాటి, మాదిగవాడయు దాటి నిలిచి పాడిన వేరొక కవి యుండెను. వాడు డక్కలివాడు.

డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు. మాదిగల వద్దనే యాచింపవలెను, అన్యులను అడుగరాదు. అస్పృశ్యులనబడిన వారికే అస్పృశ్యులుగా వీరిని మన సంఘము నిలిపినది. నేటి షెడ్యూల్డు కులముల పట్టికలో డక్కల్, డొక్కల్వార్ అను పేరిట నున్నవారు వీరే. వీరి చేతి వాద్యము కిన్నెర. వెదురుబొంగునకు ఎండిన సొరబుర్రలను క్రింద బిగించి, పైన మెట్లను తేనెమైనముతో అతికించి, తంత్రులను లాగి కట్టుదురు. మెట్లకు అలుగు అను జంతువు పొలుసులను పూర్వము వాడెడివారు. నెమలి యీకలును రంగుగుడ్డలును అలంకారములు. మెట్లు పన్నెండుండుటచే దీనికి పన్నెండు మెట్ల కిన్నెరయని పేరు. కిన్నెర మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందలి కిన్నెర బ్రహ్మయ్య కథ విననివారరుదు. శివుని యెదుట కిన్నెర మీటినవాడు పురాణపురుషుడయ్యెను. మాదిగవాడలో మీటినవాడు యాచకుడయ్యెను.

ఈ డక్కలివారు మాదిగలకు చెప్పునది జాంబపురాణము. చిత్రములు వ్రాసిన గుడ్డపటమును విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుచు, కిన్నెర మీటుచు, పాటయు వచనమును కలిపి తెల్లవారువరకు చెప్పుదురు. భూమి పుట్టుటకు ఆరునెలలు ముందుగనే జాంబవుడు పుట్టెను. ఆదిశక్తియు, త్రిమూర్తులును పిమ్మట వచ్చిరి. సృష్టికి తోడ్పడిన పెద్ద అతడే. ఇక కామధేనువు కథ వచ్చును. ఆ గోమాంసమును కోరిన దేవతల వలనను, వంట వేళ జరిగిన ఒక బాలుని చిన్న పొరపాటు వలనను శాపము కలిగి, అందరికంటె పెద్దవాని సంతతి అందరికంటె క్రిందికి త్రోయబడినది. చెప్పువారిని బట్టి కథలో మార్పులున్నను వెన్నెముక ఇదియే. ఇందు ఏకభావము ఏదియని అడుగనక్కరలేదు. ముందు పుట్టినవాడు వెనుకకు ఎట్లు నెట్టబడెను అను నొక్క ప్రశ్నయే రాత్రియంతయు నడుచును.

శాస్త్రము చెప్పిన పంచలక్షణములతోనే దీనిని కొలిచి చూడుడు. సర్గము కలదు, సృష్టి క్రమము మొదటనే వచ్చును. వంశము కలదు, ఏ కులము ఎవరి సంతతియో చెప్పుటకే ఇది పుట్టినది. వంశానుచరితమును కలదు. పదునెనిమిది పురాణముల పట్టికలో పేరు లేదనుట తప్ప, పురాణము కాదనుటకు మన శాస్త్రముననే ఆధారము లేదు. ఆండర్సను పురాణమనగా మాసిపోయిన నాగరకత యనుకొనెను. మాసిపోనిది, ఇంకను పాడుచున్నది, పుస్తకమునకు ఎక్కనిది ఒకటి పాలమూరిలో నుండెను. యోగానందుల అధోజ్ఞాపికకు అది అందలేదు. మన పండితసభల వాక్యార్థములకును అందలేదు. ఆల్బమునకు రోజర్ డీన్ ముఖచిత్రము వలె జాంబపురాణమునకు గుడ్డపటము. ఒక భేదము మాత్రము కలదు. రికార్డు సంచిపై బొమ్మ లేకున్నను పాట వినవచ్చును. పటము లేనిదే కథ నడువదు.

నిడివి సంగతి ఇంకొకటి. యెస్ బృందమున మెలోట్రాను వాయించిన వేక్మనుకు ఈ ఆల్బము నచ్చలేదు. ఒక రికార్డునకు మించిన సరకున్నది, రెండింటికి చాలినది లేదు. కావున నింపుటకై సాగదీయవలసి వచ్చెనని ఆయన యభిప్రాయము. మాంచెస్టరులో కచేరీ జరుగుచుండగా వేదికమీదనే కూర తెప్పించుకొని తినెనని ప్రసిద్ధి. 1974లో ఆయన బృందమును విడిచెను. ఆయన మాటలో నిజమున్నదని రెండవ భాగమును విన్నవారు ఒప్పుకొందురు. చెంబు పెద్దదైనందున పాలలో నీరు కలిపినట్లయ్యెను. కిన్నెర కథకు అట్టి చెంబు లేదు. రాత్రి ఎంత పొడవో కథయు అంత. వినువారు కునికినచో హాస్యము వచ్చును, ఊకొట్టినచో వర్ణన పెరుగును. లండనువారు యంత్రము సాయమున మూడు నిమిషములనుండి ఎనుబది నిమిషములకు ఎదిగిరి. మన కిన్నెర పాట అదే యంత్రముల కాలమున రాత్రినుండి ఒక్క నిమిషమునకు కుదిసినది.

ఇది ఊరక అనుమాట కాదు. నాగరుకర్నూలు జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట వాస్తవ్యుడు దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న, మియాసాబు కథలను పాడు గాయకులు. పండుగ సాయన్న నిజాము రాజ్యమున పందొమ్మిదవ శతాబ్దమునందు ధనికులను దోచి పేదలకు పంచెనని పాలమూరి జనులు తలచుకొను వీరుడు. 2021 సెప్టెంబరులో భీమ్లా నాయక్ అను చలనచిత్రపు పాట వెలువడగా దాని మొదట మొగిలయ్యగారి కంఠమును కిన్నెరయు కొద్దిసేపు వినవచ్చెను. ఆ కొద్దిసేపే ఆయనను దేశమునకు ఎరుకపరచినది. 2022లో కేంద్రప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. సినిమా పాట నిందించుటకు రాదు. దానివలననే కిన్నెర యను పేరు పట్టణముల పిల్లలకు తెలిసినది. కాని పద్మశ్రీ తరువాత, 2024లో, ఆ గాయకుడు ఇండ్లు కట్టుచోట కూలిపనికి పోవుచున్న వార్త పత్రికలలో వచ్చెను. పాట మొదటి నిమిషమునకు గౌరవము దక్కినది. మిగిలిన రాత్రికి కూలి దక్కలేదు.

ఏకభావ గీతసంపుటమను మాటను నేను గౌరవింతును. అందుచేతనే ఈ సీమలోని విద్యావంతులతో ఒక మాట చెప్పదలచితిని. ఇంగ్లండువారి ఆ ఆల్బము ఒక్క శబ్దమును పోకుండ భద్రపరుపబడి, మరల మరల ముద్రింపబడుచున్నది. ఏ భాగము ఏ రాత్రి ఏ ఊర కుదిరినదో కూడ గ్రంథస్థమైనది. జాంబపురాణమును గాని సాయన్న కథను గాని మొదటినుండి తుదివరకు, వినువారి ఊకొట్టుటతో సహా, ఒక్క కూర్చుండుటలో రికార్డు చేయుటకు నేడు ఇనుపపెట్టె యంత్రములు అక్కరలేదు. జేబులోని ఫోను చాలును. 1950 తరువాత బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై విశ్వవిద్యాలయ పరిశోధన చేసి దారి చూపిరి. 2008లో నెలకొనిన పాలమూరు విశ్వవిద్యాలయమున్నది. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలులందు కళాశాలలున్నవి. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క కథను పూర్తిగా పట్టినచో ఏడాదిలో పని అగును. పాడినవానికి రాత్రి కూలి ముందుగా ఇచ్చి పిమ్మట యంత్రమును తెరువవలెను. ఉచితముగ పాడించుకొని సన్మానపు శాలువ కప్పుట చాలదు.

పటముల ఛాయాచిత్రములును వెంటనే తీయవలెను, గుడ్డ చీకిపోవును. వాద్యమునందును ఒక చిక్కున్నది. వెదురు, సొరబుర్ర, మైనము నేటికిని దొరకును. అలుగు మాత్రము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున రక్షితమైన జంతువు. దాని పొలుసు ముట్టరాదు, ముట్టకుండుటయే న్యాయము. మెట్లకు వేరొక వస్తువును పెట్టినపుడు ధ్వని ఎంత మారునో పోల్చి చూడవలెనన్నచో, పాత మెట్లతో నున్న కిన్నెరలు ఏ యింట నేయింట మిగిలియున్నవో వెదకి, వాని ధ్వనిని ముందుగా పట్టియుంచవలెను.